అవ్వకు లేని బర్రె

పేదవాళ్ళను గుర్తుపట్టడంలో నా అంత మొనగాడు తాలూకా మొత్తంలో లేడని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం ఉండేది. రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, మెడలో దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు సభలో మాట్లాడినవాళ్ళంతా నా నిజాయితీని పొగిడారు, నా చేతిరాతను పొగిడారు. ఒక్కరు కూడా బర్రె సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ సభలో లేరు. అందుకని నేనే చెబుతున్నాను. కొత్తగా కొలువులో చేరి ఊళ్ళ మీద విచారణకు తిరుగుతున్న పిల్లలు కాస్త చెవి పెట్టి వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. మాది హుజూరాబాద్ దగ్గర రైతు కుటుంబం. గుమాస్తాగా చేరి, కిందా మీదా పడి అప్పుడే గిర్దావరునయ్యాను. గిర్దావరంటే ఇప్పుడు మీరు రెవెన్యూ ఇన్‌స్పెక్టరంటున్నారే, అదే. పై పదవి రాగానే ఆదిలాబాద్ జిల్లాకు, భైంసా దిక్కు బదిలీ చేశారు. అక్కడి మాటలో సగం మరాఠీ కలిసి ఉండేది. మొదటి నెల ఎవరేమన్నా తల ఊపి, తర్వాత ఊరి లెక్కలు రాసే పట్వారీని పక్కకు పిలిచి అడిగి తెలుసుకునేవాణ్ణి. అయినా చేతిలో తోలు సంచీ, జేబులో కలం, కింద సైకిలు ఉండేసరికి నా నడకే మారిపోయింది.

అప్పుడొచ్చింది ముసలివాళ్ళ పింఛను. పెద్ద వయసు వచ్చి, చేసుకు తినే శక్తి లేక, చూసే కొడుకులూ మనుమలూ లేనివాళ్ళకు సర్కారే నెలనెలా మనియార్డరు పంపుతుందని హుకుం. దరఖాస్తులు తాలూకా కచేరీకి వస్తాయి. గిర్దావరు ఊరికి పోయి, ఇల్లు చూసి, వయసు అంచనా కట్టి, అర్హులో కాదో రాయాలి. నేను రాసిందాని మీద తహసీల్దారు సంతకం, ఆ తర్వాత కాగితం పైకి పోతుంది.

ఇప్పుడు మీకు ఇది మామూలు సంగతి. అప్పుడు జనం నమ్మితే కదా! నిజాం జమానాలో లెవీ ధాన్యం కోసం ఇళ్ళు సోదా చేసిన శాఖ మాది. గిర్దావరు వస్తున్నాడంటే జొన్నల గుమ్మి మీద గడ్డి కప్పిన ఊళ్ళవి. నేను మొదట పోయిన ఊళ్ళో ఒక ముసలాయన దరఖాస్తు పెట్టి కూడా, నా సైకిలు చూడగానే జొన్నచేలో పడి పరుగెత్తాడు. "తాతా, ఇచ్చేటందుకు వచ్చిన, తీసుకునేటందుకు కాదు!" అని అరుస్తూ గట్టు వెంబడి ఉరికాను. "సర్కారు ఇచ్చుడేంది? గిదేదో మోసమున్నది!" అని లోపలినుంచి జవాబొచ్చింది. ఆయనకు పింఛను రాయడానికి రెండు పూటలు పట్టింది.

నాకొక సిద్ధాంతం ఉండేది. మనుషులు చెప్పేది వినకూడదు, ఇల్లు చూడాలి. ముసలివాళ్ళు అన్నాక ఏడుస్తారు, తిడతారు, ఏదేదో చెబుతారు. ఇంట్లో ఏముందో చూస్తే మనిషి స్థితి తెలిసిపోతుంది. ఈ మాట ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. ఎవరూ అడక్కుండానే చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెవులు నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

భైంసా పోయే బాట మీద ఒక ఊరినుంచి రెండు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి ఒక ముసలాయనది, ఇంకొకటి ఒక అవ్వది. ఫలానా రోజు వస్తున్నానని ముందే కబురు పంపాను. ఈ ముందు కబురు పంపడం ఉందే, అది కూడా నా తెలివే.

మొదట ముసలాయన ఇల్లు. పట్వారీ దారి చూపించాడు. ఇల్లు పెద్దదే గానీ లోపల ఊడ్చిపెట్టినట్టుంది. మంచం లేదు, చెంబు లేదు. ఒక మూలన చిరిగిన గొంగడి మీద ఆయన కూర్చుని దగ్గుతున్నాడు. ఎలా దగ్గుతున్నాడనుకున్నారు! నా ప్రశ్నలు సగంలో ఆగిపోయాయి. అందుకే ఆయనను ఇప్పటికీ దగ్గు తాత అనే గుర్తుపెట్టుకున్నాను. కొడుకులు లేరన్నాడు. నిజమే, కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు, ఇల్లరికం తెచ్చుకున్న అల్లుడు. భూమంతా అల్లుడి పేర పట్టా అయి ఉంది. సర్కారు కాగితంలో కొడుకులనీ మనుమలనీ ఉంది గానీ ఇల్లరికపు అల్లుడని లేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "పాపం, నిలువ నీడ తప్ప ఏమీ లేదు" అని నా చేత్తో రాశాను. ఆ 'పాపం' కూడా రాశాను.

తర్వాత అవ్వ ఇల్లు. ఊరి చివర రెండు నిట్రాళ్ళ మీద నిలబడ్డ చిన్న గూనపెంకుల ఇల్లు. లోపలికి అడుగు పెట్టగానే నాకు కళ్ళు తిరిగాయి. చేతుల కుర్చీలు రెండు. నవారు మంచం, దాని మీద పూల దుప్పటి. గోడ వెంబడి తళతళా తోమిన ఇత్తడి బిందెలు. వాకిట్లో గుంజకు నిగనిగలాడే పాడిబర్రె. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, రెండు చేతులా దండం పెట్టింది.

"కూసో సారు, కూసో. ఎండల వడి వచ్చినవు" అని కుర్చీ కొంగుతో తుడిచింది.

చిక్కటి పాలతో చాయ ఇచ్చింది. తాగాను. మంచి చాయ. తాగుతూ వయసు అడిగాను.

"నాకేమెరుక బిడ్డా, నువ్వే రాసుకో. పెద్ద గత్తరొచ్చిన యేడు నాకిద్దరు పిలగాండ్లు. ఇద్దరు గా గత్తర్లనే పోయిండ్రు. పెనిమిటి గంతకు ముందే పోయిండు" అంది. గత్తరంటే కలరా. ఏడవలేదు, ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడెట్ల బతుకుతున్నవవ్వా?"

"మంచిగనే బతుకుతున్న సారు. దేవుని దయ, ఊరోళ్ళ దయ. నాకేం తక్కువ?"

ఇంకేం కావాలి? బయటికొచ్చి సైకిలు సీటు మీద కాగితం పెట్టుకుని రాసేశాను. పాడి పశువు కలదు, కుర్చీలు, మంచం, ఇత్తడి సామాను కలవు, బాగానే బతుకుతున్నట్టు స్వయంగా చెప్పినది, అనర్హురాలు. పట్వారీ నా పక్కనే నిలబడి అంతా చూశాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నేను తలెత్తి చూస్తే, "ఏం లేదు సాబ్, ఎండ బగ్గున్నది" అన్నాడు. ఆ రోజు ఒకే ఊళ్ళో ఒక పేదవాణ్ణీ ఒక ఉన్నదాన్నీ చిటికెలో తేల్చినందుకు ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

రెండు నెలలు గడిచాయి. పంటల లెక్క చూడ్డానికి అదే బాటన పోతున్నాను. ఈసారి ఎవరికీ కబురు పంపలేదు. అవ్వ ఇంటి ముందునుంచి పోతూ, చాయ గుర్తొచ్చి సైకిలు దిగాను. వాకిట్లో గుంజ ఉంది, బర్రె లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కుర్చీ లేదు, మంచం లేదు, బిందెలు లేవు. ఒక మట్టికుండ, ఒక చాప, మూడు రాళ్ళ పొయ్యి. అవ్వ గడప దగ్గర నేల మీద కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చూసి చుట్టడం లేదు. తునికాకును వేళ్ళతో తడిమి తడిమి చుడుతోంది.

నా మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? దొంగలు పడ్డారని!

"అవ్వా, బర్రె యాడికి పోయింది?" అన్నాను.

గొంతు పట్టి గుర్తుపట్టింది. "అగో, గిర్దావర్ సాబా! బర్రె నాదెక్కడిది కొడుకా? గది గా ముసలాయినది. కుర్సీలు, మంచం, బిందెలు అన్ని వాళ్ళయే. సర్కారోడు నా ఇంటికొస్తుండు, కూసుండవెట్టెటందుకు పీట గూడ లేదు, ఒక్క కుర్సీ ఇయ్యిమని పోయిన. ఆయిన బిడ్డ ఎంత మంచిదో! ఒక్క కుర్సీ ఏంది అవ్వా, అన్ని తీస్కపో, బర్రెను గూడ కట్టేస్కో, చాయకు పాలుంటయి అన్నది. అల్లుడే మోసుకొచ్చి పెట్టిండు. గంత దయగల్లోళ్ళు" అంది.

ఒకే బర్రె, ఒకే కుర్చీలు. ఆ రోజు పొద్దున అక్కణ్ణుంచి ఇక్కడికి నడిచొచ్చాయి. వాటిని చూసి నేను ఆయనను బీదవాణ్ణి చేశాను, ఈమెను ఉన్నదాన్ని చేశాను. దగ్గు తాతకు సామాను దాచుకోవడానికి చోటు కావాలి, అవ్వకు సర్కారు మనిషికి మర్యాద చేయడానికి సామాను కావాలి. ఇద్దరి పనీ అయింది. మధ్యలో నేనొక్కణ్ణే వెర్రిబాగులవాణ్ణి.

"మరి నాకెందుకు చెప్పలేదవ్వా?" అని గట్టిగానే అడిగాను. నా మీద నాకున్న కోపం ఆమె మీద చూపించాను, సిగ్గులేకుండా.

"నువ్వడుగలే గద బిడ్డా" అంది.

అడిగితే కదా! నేను ఇల్లు చూసేవాణ్ణాయె.

బీడీల సంగతి అడిగితే అప్పుడు చెప్పింది. కండ్లకు పొర కమ్మింది. కంపెనీ మనిషి ఆమె చుట్టినవాటిలో సగం పనికిరావని పక్కన పారేస్తున్నాడు. వచ్చే నెలనుంచి ఆకే ఇవ్వనన్నాడు. ఊళ్ళోవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారట, రోజుకొక ఇంటివాళ్ళు వంతులేసుకుని ఆమెకు అన్నం పెడతామన్నారట.

"అందరు మంచోళ్ళే కొడుకా. ఒక్కలను గూడ ఏమనేటట్టు లేదు" అంది. ఆకు పక్కన పెట్టింది. "గని, నా ఇంట్ల పొయ్యి ముట్టియ్యక, పొద్దుగాల లేచి ఇయ్యాల ఎవలింటికి పోవాల్నని చూస్కుంట ఎట్ల బతుకుడు? గట్ల బతుకుడు నాతోని కాదు బిడ్డా. గంతకంటె దేవుడు తీస్కపోయినా మంచిదే."

ఆమె పొయ్యి ఆర్పేస్తున్నది నా కలం. ఇంకా నయం, నా ముందే ఏడ్చి ఉంటే నేను కూడా ఏడ్చేవాణ్ణి. సైకిలెక్కి నేరుగా పట్వారీ ఇంటికి పోయాను. ఆయన భోజనం చేసి తాంబూలం వేసుకుంటున్నాడు. పట్టుకుని దులిపేశాను. అన్నీ విని, నింపాదిగా వక్క నములుతూ జవాబు చెప్పాడు.

"సాబ్, మీరు ఇల్లు చూస్తిరి, రాస్తిరి. నన్నేమన్న అడిగితిరా? ఇగ రెండోది. మీరియ్యాల వచ్చి రేపు పోయెటోళ్ళు. నేను రేపు గూడ గీ ఊళ్ళెనే ఉండాలె. ఆయినతోని పెట్టుకుంటె నా బతుకు పరేషాన్ అయితది. జర సమజ్ చేస్కోండ్రి."

తిట్టాలనుకున్నాను గానీ ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు.

మర్నాడు తహసీల్దారు సాబు ముందు నిలబడ్డాను. ఆయన పాత హైదరాబాద్ రాజ్యం నాటి మనిషి, షేర్వానీ వదల్లేదు, రిటైరు కావడానికి దగ్గరపడ్డాడు. ఏ కాగితమైనా మొదట ఉర్దూలో చిత్తు రాసుకుంటే తప్ప చేయి కదిలేది కాదు. నేను జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే చెమటలు పోశాయి. కొత్తగా వచ్చిన పదవి, ఇంకా ఖాయం కూడా కాలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, షేర్వానీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఒకటే నవ్వు! పక్క గదిలో గుమాస్తాలు తొంగి చూశారు.

"ఏమయ్యా, ఉన్నోణ్ణి లేనోడని రాస్తివి, లేనిదాన్ని ఉన్నదని రాస్తివి. దోనో ఉల్టా! ఒక్కటన్న సీదా రాయొచ్చు గదనయ్యా!"

"నా రిపోర్టు నేనే మార్చి రాస్త సాబ్" అన్నాను.

నవ్వు ఆపేశాడు. "పైకి పోయిన కాగితం నువ్వు మారుస్తె మారుతదా? నేను సొంతంగ వచ్చి చూసి రాయాలె. గుర్తు పెట్టుకో, నేను గూడ అనర్హురాలని రాస్తె ఇగ ఆ అవ్వకు జిందగీల రాదు. గురువారం వస్త. నువ్వు చెప్పింది కాదు, ఇల్లు చూసి రాస్త."

ఇల్లు చూసి రాస్తాడట! నా మాట నాకే తగిలింది.

మంగళవారం పరుగున పోయి అవ్వ ముందు కూర్చున్నాను. "అవ్వా, పెద్ద సాబు వస్తున్నడు. నీకు దండం పెడ్త, ఎవ్వరి సామాను తేకు. ఇల్లు ఇట్లనే ఉంచు. నువ్వు ఇట్లనే ఉండు" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "తాసిల్దార్ సాబునా? నేల మీద కూసుండవెట్టాల్నా? ఊరోళ్ళు ఏమంటరు? నా ఇజ్జత్ ఏమైతది?"

"ఇజ్జత్ కు ఫికర్ చెయ్యకు. ఈ ఒక్క పారి నా మాట విను. లేకపోతె మనియార్డర్ రాదు. పొయ్యి ఆరిపోతది."

చివరికి తలూపింది. తలూపింది కదా అని నేను నమ్మాను. నాకంటే తెలివితక్కువవాడు ఆ రోజు భైంసా బాట మీద ఇంకొకడు లేడు.

గురువారం బస్సు దారిలో నిలిచిపోయింది. అక్కణ్ణుంచి ఎడ్లబండి. ఊరు చేరేసరికి పొద్దు వాలిపోయింది. తహసీల్దారు సాబు ముందు అవ్వ ఇంటికే అన్నాడు. సందు తిరగ్గానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాకిట్లో బర్రె! లోపల కుర్చీలు, మంచం, బిందెలు, వాటికి తోడు ఈసారి ఒక జంపఖానా, గోడకు గంటలు కొట్టే గడియారం! పెద్ద సాబు వస్తున్నాడని ఊరంతా తెలిసిపోయింది. దగ్గు తాత ఇంటివాళ్ళు తమ ఇల్లు కూడా చూస్తాడేమోనని మళ్ళీ ఖాళీ చేశారు. అవ్వ పెద్ద సాబు ముందు పరువు పోతుందని కాదనలేకపోయింది. ఆమె నా వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకుంది.

సాబు కుర్చీలో కూర్చుని, గడియారం చూసి, బర్రెను చూసి, నన్ను చూశాడు.

"గిదేనా నువ్వు చెప్పిన గరీబు అవ్వ?"

సామాను దగ్గు తాతదని మళ్ళీ చెప్పబోతే, నా మాట చెల్లదని చేత్తో ఆపాడు. ఆయనే అవ్వనడిగాడు. "అవ్వా, నిజం చెప్పు. గీ సామాను నీదేనా?"

"నాది కాదు సాబ్" అంది వెంటనే. అబద్ధమన్నది ఆ మనిషి నోట రాదు.

"మరి ఎవలది?"

అడగ్గానే ఇచ్చినవాళ్ళను అవ్వ సర్కారు ముందు ఎలా పట్టిస్తుంది? "ఎవలో ఒకల్లది సాబ్, ఊరోళ్ళది" అంది. సాబు పట్వారీని చూశాడు. పట్వారీకి అప్పుడే కాలికి ముల్లు గుచ్చుకుంది, వంగి తీసుకుంటున్నాడు. వాకిట్లో నిలబడ్డ జనమంతా ఎటో చూస్తున్నారు. సాబు కాగితాలు ముందుకు లాక్కుని కలం తీశాడు.

"పేరు చెప్పకుంటె నేనేం చెయ్యాలె? కండ్లకు అగుపడ్డది రాస్త" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బర్రె గట్టిగా అరిచింది. మళ్ళీ అరిచింది. గుంజ చుట్టూ తిరుగుతూ పలుపు లాగుతోంది. నేను దాని పొదుగు వైపు చూశాను, నిండుగా ఉంది. పాలు పిండే పొద్దు. చుట్టూ చూశాను. దుడ్డె ఏది? వాకిట్లో బర్రె పిల్ల ఎక్కడా లేదు. అరె, నేను రైతు కొడుకును! చిన్నప్పుడు మా బాపు వెంట ఎన్ని బర్రెలను తోలుకొచ్చాను! పాడిబర్రె ఉంటే దుడ్డె ఏదని మొదటి రోజే అడగాలి కదా! నా చేతికి తోలు సంచీ వచ్చాక పశువుల సంగతే మరిచిపోయాను.

ఏమైతే అదైందని లేచిపోయి, బర్రె మెడలో పలుపు విప్పేశాను.

"ఏం చేస్తున్నవయ్యా?" అని సాబు అరిచాడు.

"గవాహీ తీసుకుంటున్న సాబ్. దీని వెనక పోదాం, రండి!" అన్నాను.

గవాహీ అంటే సాక్ష్యం. సాబు షేర్వానీ గుండీలు సర్దుకుని లేచాడు. బర్రె ముందు, నేను దాని వెనక, నా వెనక సాబు, ఆ వెనక ఊరంతా. పిల్లలు కేకలు, ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వులు. బర్రె ఎటూ చూడలేదు. రెండు సందులు తిరిగి, చావడి దాటి, సక్కగా దగ్గు తాత వాకిట్లోకి నడిచి, తన కుడితి తొట్టిలో మూతి పెట్టింది. పెరట్లోంచి దుడ్డె అరుచుకుంటూ వచ్చి పొదుగు కింద దూరింది. ఆ చప్పుడుకు తాత కూతురు, అలవాటు చొప్పున, చేతిలో పాలచెంబుతో బయటికొచ్చింది.

"వచ్చినవా తల్లీ, ఇప్పటిదాంక యాడున్న..." అంటూ తలెత్తి చూసింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

గొంగడి మీద కూర్చున్న తాత దగ్గడం మొదలుపెట్టాడు. సాబు ఆయన ఎదురుగా నిలబడి, దగ్గు అయ్యేదాకా ఓపిగ్గా చూశాడు. దగ్గు ఎంతసేపని సాగుతుంది? ఆగింది.

"మంచి దగ్గు" అన్నాడు సాబు. జనం ఘొల్లుమన్నారు. పట్వారీ కూడా నవ్వాడు, ఈసారి ముల్లు గుర్తు రాలేదు.

తాత కూడా చివరికి తల గోక్కుంటూ నవ్వేశాడు. "ఊకెనే పైసలొస్తయంటే ఆశ పుట్టింది సాబ్. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. కొట్టేయుండ్రి నా పేరు" అన్నాడు.

అప్పుడు వెనకనుంచి అవ్వ గొంతు వినిపించింది. జనాన్ని తడుముకుంటూ అంతదూరం నడిచొచ్చింది. "ఆయిన్ని ఏమనకుండ్రి సాబ్. నాకు కుర్సీ ఇచ్చిండు. నేను అడుగంగనే ఇచ్చిండు" అంది. నా కళ్ళు చెమర్చాయి. నవ్వుతూ నవ్వుతూనే చెమర్చాయి.

సాబు తాత పేరు కొట్టేశాడు, ఇంకేమీ అనలేదు. తిరిగి అవ్వ ఇంటికి వచ్చేసరికి తాత అల్లుడు కుర్చీలూ, మంచమూ, గడియారమూ మోసుకుపోతున్నాడు. ఉన్నది ఆ చాప ఒక్కటే. అవ్వ గడపలో నిలబడి సిగ్గుతో చితికిపోతోంది. "సాబును కూసుండవెట్టెటందుకు ఏం లేకపాయె" అంటోంది. ఆయన చాప మీదే చతికిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పి మనిషి, కూర్చోడానికి నా భుజం పట్టుకున్నాడు.

"నీ కాగితంల ఒక మాట రాయాలె అవ్వా. నాకెవ్వలు లేరని చెప్పు, చాలు" అన్నాడు.

వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. వంతులేసుకుని అన్నం పెడతామన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అవ్వ వాళ్ళ వైపు తిరిగింది. "గట్లెట్ల చెప్త సాబ్? గింతమంది ఉన్నరు గద!" అంది.

సాబు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఉర్దూలో ఏదో చిత్తు రాసుకున్నాడు. తర్వాత మాకు చదివి తెలుగులో చెప్పాడు: 'ఈమెకు ఊరంతా ఉన్నది. సర్కారు నియమంలో రాసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. కావున అర్హురాలు.' అవ్వ బొటనవేలు పట్టుకుని నేనే సిరా అద్ది ముద్ర వేయించాను. ఇంత ఉద్యోగంలో అంత ఇష్టంగా వేయించిన వేలిముద్ర మరొకటి లేదు.

దారిలో బండిలో సాబు నాకు రెండు మొట్టికాయలు వేశాడు, మాటలతో. "బర్రెకున్న అకల్ నీకు లేదు. అయినా పలుపు ఇప్పినవు చూడు, అందుకు మాఫ్ చేసిన" అన్నాడు. నా పదవి ఖాయమైంది. ఆ తర్వాత ఎక్కడికి విచారణకు పోయినా ముందు కబురు పంపలేదు. ముందు అడిగాను, ఆ తర్వాత చూశాను. మీరు కూడా అడగండి. అడగడానికి సిగ్గుపడకండి, సిగ్గుపడితే నాలాగే ఈల వేసుకుంటూ ఇంటికి పోతారు.

మంజూరు కావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో అవ్వ ఊళ్ళో వంతులకు పోయి తిన్నదని విన్నాను. ఆ దిక్కు పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. ఒక రోజు అవ్వకు మొదటి మనియార్డరు ఇచ్చి వస్తున్న పోస్టుమాన్ ఎదురై, "ఫలానా ఊరి అవ్వ మిమ్ముల రమ్మన్నది సాబ్. తినకుంట రమ్మన్నది" అన్నాడు.

పోయాను. మధ్యాహ్నం. దూరంనుంచే ఆ పెంకుల సందులోంచి పొగ లేవడం కనబడింది. చాప వేసి ఉంది. కూర్చున్నాను. అవ్వ పొయ్యి ముందు కూర్చుని, కండ్లు సరిగ్గా ఆనకపోయినా, అరచేతుల మధ్య జొన్నపిండి ముద్ద చరుస్తూ రొట్టెలు చేస్తోంది. ఒక్కో రొట్టె కాలగానే నా ముందు వేస్తోంది. పచ్చిమిరపకాయల తొక్కు, ఉల్లిగడ్డ. నాలుగు తిన్నాను.

"చాలవ్వా, ఇంక వద్దు. ఇగ నీకు ఉంచుకో" అన్నాను చేయి అడ్డం పెట్టి.

నా చేయి పక్కకు నెట్టి ఇంకొకటి వేసింది. "వద్దనకు కొడుకా. పిండి నాది, పొయ్యి నాది. ఎన్ని దినాలకో నేను ఒకల్లకు పెడ్తున్న. కడుపు నిండ తిను" అంది.

ఆ ఐదో రొట్టె కూడా తిన్నాను.